రైట్ సైజు

నోటీసు ఇంగ్లీషులో వచ్చింది. తెలుగు చెయ్యమన్నారు.
చదివింపుల లెక్కలా సరిగ్గా నూట పదహారు పేర్లు,
పైన ఒక్క మాట: రైట్‌సైజింగ్.

పాతికేళ్ళ కిందట ఈ కుర్చీలోనే
రిట్రెంచ్‌మెంటుకి తెలుగు వెతికాను.
తర్వాత వీఆరెస్సు వచ్చింది. దానికి తెలుగు ఎవరూ అడగలేదు,
డబ్బులొచ్చే మాట అందరికీ అర్థమవుతుంది.
ఆనక డౌన్‌సైజింగు.
'కుదింపు' అని రాస్తే సుదేష్ణ మేడం పెన్నుతో కొట్టేసి,
"చిన్నబుచ్చినట్టుంటుందండీ" అన్నారు.

ఈసారి 'ఉద్వాసన' అని రాశాను.
పేపర్లో రోజూ వాడే మాటే.
రాసి, ఆగాను.
పోయిన చవితికి పాతగాజువాక పందిట్లో
బొమ్మను ఈశాన్యానికి బెత్తెడు జరిపి
పూజారి మంత్రం చెప్పాడు,
వెళ్ళి మళ్ళీ రమ్మని.
నీళ్ళలో కరిగిపోయే మట్టికే ఆ మాట చెబుతాం.
నోటీసంతా రెండుసార్లు చూశాను,
మళ్ళీ రమ్మనే షరతు ఎక్కడా లేదు.
కొట్టేశాను.

చివరికి తేలింది:
'సిబ్బంది పరిమాణము సరిచేయబడినది.'
బడినది.
ఎవరు చేశారో ఎంత తవ్వినా ఆ మాటలో దొరకరు.
మేడానికి నచ్చింది.

బోర్డుకి అంటిస్తుంటే క్రేను సన్నిబాబు వచ్చి
వేలు పెట్టి అక్షరమక్షరం కూడబలుక్కున్నాడు.
"సరిసేసినారంటే,
ఇన్నాళ్ళూ మేం తప్పుగున్నామేటి బావూ?"
చేతికంటిన జిగురు తుడుచుకుంటూ ఉండిపోయాను.
వెనకనించి ఎవరో
"ఏటీ లేదెహె, తీసీసినారు" అన్నారు.
నాకు తట్టని తెలుగు అది.

మధ్యాహ్నం స్టోర్సులో బూట్ల అప్పగింత.
పోర్టు బొగ్గుధూళికి కిటికీ అద్దాలు కాటుకపట్టి ఉన్నాయి.
లోపల్నించి స్టోర్‌కీపరు పోలరాజు కేకలు:
ఎనిమిది, ఏడు, ఎనిమిది, తొమ్మిది, ఎనిమిది...
సన్నిబాబుది పది.
ఆ సైజు కోసం మూడు నెలలు ఇండెంటు పట్టుకుని తిరిగాడు,
వచ్చేదాకా తొమ్మిదో నంబరు ముందు కోసుకుని
వేళ్ళు బయటపెట్టుకుని క్రేనెక్కాడు.
ఇప్పుడు లేసులు విప్పి, ఒకదాంట్లో ఒకటి దోపి,
బల్లమీద పెట్టి,
మేజోళ్ళతోనే సింధియా బస్టాపుకి నడిచాడు.
మే నెల. తారు మెత్తబడి ఉంది.

పదో నంబరు ఇంకెవరికీ పట్టదని
పోలరాజు విడిగా పెట్టాడు.
రిజిస్టరులో ఎర్రసిరాతో
'సైజు పనికిరాదు' అని రాశాడు.
అదైతే నేరుగా తెలుగులోనే ఉంది,
నా దాకా రాలేదు.