ఖాళీ బండి బరువు

ఆదోని యార్డుకు పత్తి దిగే కాలం.
కాటా గదిలో కంప్యూటరు మీద కూడా సన్నగా దూది.
కీబోర్డు తలకిందులు చేసి తడితే
పత్తి గింజ ఒకటి రాలింది.

మూడు ఫైళ్లుగా రాసినాం సీలో.
కాటా నుంచి అంకె తెచ్చేది నాది.
చీటీ కొట్టేది జిలానీది.
బయట ఎర్ర దీపాల బోర్డు మీద చూపేది
మా ఇద్దరిదీ, అంటే ఎవరిదీ కాదు.

మూడింటికీ కావలసింది ఒక్క అంకె:
ఖాళీ బండి బరువు.
నిండు బండిలోంచి దాన్ని తీసేస్తే
మిగిలేది ఒక మనిషి ఏడాది.

దాన్ని హెడరు ఫైల్లో పెట్టినాం,
అందరికీ కనపడే చోట,
పక్కన సున్నా రాసి.
రాత్రి పదకొండుకు లింకరు అరిచింది:
ఈ పేరు ఇక్కడ పుట్టింది, అక్కడా పుట్టింది,
ఒక్క పేరుకు మూడు పుట్టుకలేంది?

కాపలా పెట్టినాం కదా, అన్నాడు జిలానీ.
ఆ కాపలా ఒక ఫైలు వాకిలి దాకే.
అదే ఇంటికి రెండోసారి వచ్చినోణ్ణి ఆపుతుంది,
పక్కింట్లో దూరినోణ్ణి చూడదు.

మూడో టీ అయిపోయింది. తెల్లారితే బండ్లు.
జిలానీ ఆ పేరు ముందు ఒక మాట చేర్చినాడు,
స్టాటిక్.
లింకరు నోరు మూసింది.
దాన్ని ఒప్పుకోవడం అనుకున్నాం మేము.

ఏడున్నరకు మొదట ఒక ఆటో తూగి పోయింది.
తర్వాత పెద్దతుంబళం ఉరుకుందప్ప,
ఎద్దుల బండి, నిండుగా బోరాలు.
నిండుగా ఇరవై ఒక్క క్వింటాళ్లు.
దించి వచ్చినాక ఎద్దులతో సహా పన్నెండు.
చీటీ తీసుకోని పోయినవాడు
వేప నీడ దాకా పోయి మళ్లీ వచ్చినాడు.

"తొమ్మిది గదా సామీ ఉండాల్సింది?
ఇరవై ఒకటి రాసినారు.
నా ఎద్దుల్ని గూడా కొంటిరా ఏంది?
వాటిని అమ్మేకి రాలే నేను."

బోర్డు చూస్తే అదీ ఇరవై ఒకటే అంటోంది.

అప్పుడు తెలిసింది.
పేరు ఒకటే, కుండలు మూడు.
నా కుండలో నేను పన్నెండు పోసినా.
జిలానీ కుండలో రాత్రి సున్నా అట్లే ఉంది.
అది అబద్ధం చెప్పలేదు,
దానికి ఎవరూ ఏమీ చెప్పలేదు.
అరిచిన లింకరే మేలు.

స్టాటిక్ తీసేసినాం.
సున్నా పెట్టి పుట్టించడం నా ఫైల్లో, ఒక్కసారే.
హెడరులో మాత్రం ఎక్స్‌టర్న్.
అది జాగా ఇవ్వదు, గింజంత కూడా.
ఉండాది, యాడో ఒకచోట ఉండాది,
వెతికి కలిపేవాడు వస్తాడు అని
మాట ఇస్తుంది, అంతే.

"అయితే నాది కాదా అది?" అన్నాడు జిలానీ.
నీది కాదు. చూడొచ్చు.
మార్చనూ వచ్చు, నాకు చెప్పకుండా.
ఆ సంగతికి ఇంకో రాత్రి పడుతుంది మనకు.

ఖాళీ బండిని మళ్లీ కాటా ఎక్కించినాం.
పన్నెండు క్వింటాళ్ల పద్దెనిమిది కిలోలు.
మూడు చోట్లా అదే.
జిలానీ ఈల వేసినాడు.
ఉరుకుందప్ప వేయలేదు.
"మీరు దిద్దుకునే లోపల ఎద్దులు నీళ్లు తాగినాయి.
ఆ నీళ్లు నా పత్తిలోంచి తీస్తారా?"

నిజమే.
నా ఫైలు అడిగిన ఒక్కచోట
పాత పన్నెండు వేసినా.
బయట బోర్డు మీద ఎర్రగా తొమ్మిది వెలిగింది.
ప్రింటరు గీసుకుంటా తొమ్మిది అనింది.
ఉరుకుందప్ప చీటీని ఎండకు పట్టి,
పెదాలు కదుపుతా చదివి,
మడిచి తలగుడ్డలో దోపుకున్నాడు.

పొద్దున పోయిన ఆటో నంబరు
గోడ మీద పెన్సిలుతో రాసి పెట్టినాం.
ఇంకా రాలేదు.