పరాయి కుట్టు

మండిబజార్ల నా కొట్టు ఆరడుగులు.
జూన్ల బడిసంచులొస్తే కూసుండ సందుండదు.
ఇది ఆగస్టు. ముసురు. ఈగలు, నేను.

ఎంజీఎంల రక్తపరీక్షలు చేసే కనకతార మేడం
నా రొమ్ముదాక వచ్చే సంచి తెచ్చి
బల్ల మీద పడేసింది.
"యాకూబ్ భాయ్, కుడి భుజం తెగింది.
జిప్పు బట్టను నములుతుంది.
పాతదారమంత పీకేసి కొత్తగ కుట్టు.
దసరకు మళ్ల పోవాలె."

యాడికి పోయొచ్చినవంటే
బొలీవియా అన్నది.
నాకైతే గోలీల పేరు లెక్క వినవడ్డది.

మనిషి దాస్తడు గని సంచి దాయదు.
అడుగున గోరుతోటి గీరితే తెల్లగ రాలింది.
నాలిక మీద పెట్టుకున్న.
ఉప్పు.
సముద్రమా అంటే కాదట,
ఏనాటిదో చెరువెండి
అంచు కనవడనంత ఉప్పుమడి అయిందట.
వానలప్పుడు ఆకాశం దిగి అందుల పండుకుంటదట గని
ఆమె పోయిననాడు నీళ్లు లెవ్వు,
తేనెతుట్టె గదుల లెక్క పగుళ్లు,
వాటి మీద ఒక్కతే నడుచుకుంట
తన చెప్పుల సప్పుడు తనే విన్నదట.

"గాలి పలుచన భాయ్ అక్కడ,
నీళ్లు కలిపిన పాల లెక్క.
పదడుగులకు ఒకపారి నిలవడాలె.
రెండ్రోజులు తలకాయల పిండిగిర్ని తిరిగింది,
తిన్నదంత కక్కుకున్న.
మూడోనాడు పొద్దుగాల కిటికీ తీస్తే
మంచుకొండ.
అంత దగ్గర.
నేను పండ్లు కూడ తోముకోలె అప్పటికి."

ఆమె పోయినంక పట్టీ విప్పిన.
లోపల ఇంకో కుట్టున్నది.
మిషినిది కాదు.
ఎర్రటి ఉన్నిదారం,
ఒక్క బెజ్జంలకు రెండు సూదులు
ఎదురెదురుగ దూరి పోయిన జాడ.
మా అబ్బ స్టేషన్ కాడ జట్కాగుర్రాల జీన్లకు
ఏసేది ఇదే.
జట్కాలు పోయినయి, అబ్బ పోయిండు,
ఆ కుట్టు మళ్ల నా కంటవడలె,
ఇగో ఇప్పటిదాక.

ఫోన్ చేసి అడిగిన, ఎవలు కుట్టిన్రని.
"ఏదో బస్టాండు కాడ ముసలామె.
రెండు జడలు, నెత్తిన గుండ్రటోపి.
దారం నోట్ల తడిపింది, నీ లెక్కనే.
పేరడిగేలోపు బస్సు కదిలింది."

పీకెయ్యమన్నది కద. కత్తెర పట్టిన.
ఒక పోగు తెంపిన.
రెండోది తెంపబుద్ధి కాలె.
ఎర్రదానికి ఆనుకొని నా నల్ల నైలాను ఏసిన,
పక్కింటి గోడకు పందిరేసినట్టు
జరంత మొహమాటంగ.

బరువెక్కకుంట కుట్టు సంగతి తెల్వది.
కిరాణం ఓదెలు దగ్గర తూకపురాళ్లన్ని అడుక్కొచ్చి
సంచి నింపి
పొద్దూకినంక గోవిందరాజుల గుట్ట ఎక్కిన.
చిన్నప్పుడు లెక్కవెట్టకుంట ఉరికిన మెట్లు.
సగంల దమ్ము చాలలె.
వాన గాలి మందంగనే ఉన్నది,
పలుచనైంది నేనే.
బండకు ఆనుకొని నిలవడ్డ.
కింద కాజిపేట దిక్కు పోయే రైలు
తడిసిన లైట్లీడ్సుకుంట పోతున్నది.
భుజం మీద పట్టీ కిర్రుమన్నది.
ఆమె కుట్టు మోస్తుందా నాదా అని
చెవి వంచి విన్న.
తెల్వలె.
ఎవలో ఒకలు మోస్తున్నరు.

తెల్లారి మేడం వేలుతోటి తడిమి
"ఎర్రది తియ్యలేదేం?" అన్నది.
"గట్టిగుంది" అన్న. అంతకంటె ఏం చెప్తం?
నూటయాభై ఇచ్చి ఆటో ఎక్కింది.

మాపటీలి ఓదెలొచ్చి తగులుకున్నడు,
అరకిలో రాయేది యాకూబూ అని.
కొట్టంత గుంజి ఏసి దేవులాడినం.
అడుగుజేబుల ఉన్నదేమో.
ఉంటే ఉండనీ,
దసర దాక ఓపికపట్టు ఓదెలూ,
నీ రాయి కొండలు తిరిగొస్తది.