గురువారం ఏడింటి క్లాసు

డంగానన్‌లో వాన ఎటూ పడుతూనే ఉంటుంది.
చర్చి వెనక గదిలో హీటరు టకటకమంటూ వేడెక్కేలోపు
మాంసం ఫ్యాక్టరీ షిఫ్టు దిగి వస్తారు నా విద్యార్థులు,
ఎంత తోమినా చేతుల్ని వదలని బ్లీచ్ వాసనతో.

ఇవాళ జంటమాటలు.
చూడ్డానికి అక్కాచెల్లెళ్ళు, కాపురాలు వేరు.
లూజ్, లూస్ అని బోర్డు మీద రాశాను.
వదులైనదానికి రెండు ఓలు, పోగొట్టుకున్నదానికి ఒకటే.
"పోతే పోయింది, వెంట ఓ అక్షరాన్నీ తీసుకుపోయింది" అన్నాను.
ఇరవై ఏళ్ళుగా ఇదే జోకు.
లిథువేనియా రిమాంటస్ మర్యాదకి నవ్వాడు.

తర్వాత లెండ్, బారో.
ఇచ్చేవాడి నోట ఒకటి, పుచ్చుకునేవాడి నోట ఒకటి.
ఎలెటేరియో చెయ్యెత్తాడు:
"తిమోర్‌లో మా ఇంట్లో రెండింటికీ ఒకటే మాట, మేడమ్."
మరి ఎవరు ఎవరికి బాకీయో ఎలా తెలిసేది?
"రాత్రి ఎవరికి నిద్ర పట్టదో చూస్తే సరి."

చివరి పావుగంట సొంత వాక్యాలు.
పెన్సిళ్ళ చప్పుడు, ఎవరిదో దగ్గు, హీటరు.
డొమింగాస్ కాగితం మీద ఒకే ఒక్క లైను:
తమ్ముణ్ణి మట్టి చేసే వేళకి అందరూ వచ్చారు,
యాక్సెప్ట్ నేను.

ఎర్రపెన్ను దానంతటదే కదిలింది.
మొదటి రెండక్షరాలు కొట్టేసి పైన సరైనవి పెట్టాను.
"ఎక్సెప్ట్, డొమింగాస్. నువ్వు తప్ప అని.
నువ్వు రాసినదానికి అర్థం వేరు, ఒప్పుకోవడం."

"ఒప్పుకోవడమంటే? జరిగిందనా?"

"ఆ. జరిగిందని."

కాగితం వెనక్కి లాక్కుంది.
నాలుక కొస పళ్ళ మధ్య పెట్టుకుని, పసిపిల్లలా,
ఒక్కో అక్షరం చెక్కినట్టు రాసింది:
ఎవ్రీవన్ యాక్సెప్టెడ్, ఎక్సెప్ట్ మీ.

కామా కూడా ఉండాల్సిన చోటే ఉంది.
ఇన్నేళ్ళలో ఏ పాఠ్యపుస్తకంలోనూ
ఈ రెండు మాటల్నీ ఇంత బాగా వాడగా చూడలేదు.
టిక్కు పెట్టాలి.
పెన్ను మూత తీశాను, పెట్టాను, మళ్ళీ తీశాను.
ఆమె నా చేతివైపే చూస్తోంది, మార్కుల కోసం.
పెట్టాను. చిన్నది, మార్జిన్‌లో, పెన్సిలుతో.

తాళం వేస్తుంటే రిమాంటస్ గుమ్మంలో ఆగాడు,
బయట వాన చూసి, మెడ చుట్టూ జిప్పు లాక్కుంటూ:
"మేడమ్, మీ గొడుగు లెండ్ చేసుకోనా?"

దిద్దలేదు.
ఇచ్చేశాను.