ఎనిమిదిన్నర లెక్క

పొద్దున ఎనిమిదిన్నరకు
పాకాల తహసీల్దారు ఆఫీసు వెనక
ముళ్ళకంచె పక్కకు నెట్టి
వానకొలత డబ్బా మూత తీస్తాను.
పదమూడేళ్ళుగా ఇదే.
ఈ పొద్దు లోపల ఒక ఎండిన కండచీమ, చిటికెడు ఎర్రదుమ్ము.
సున్న రాసి, చుక్క పెట్టి, ఇంకో సున్న రాస్తాను.
చీమను రాయడానికి గడి లేదు.

సముద్రం మీద ఒకటి నిలబడిపోయి ఉండాదంట.
ఆరునాళ్ళయింది.
ద్రోణి, దాని కొసన అల్పపీడనం.
ఇటు నెల్లూరు దిక్కుకు రాదు, అటు బర్మా దిక్కుకు పోదు,
భాకరాపేట కనుమలో గేరు పడని బస్సు మాదిరి.
అందరం దిగి
రాళ్ళమీద కూర్చోనుండాం
డ్రైవరు ఏం చెప్తాడా అని.

ఫోన్లో ఉపగ్రహం బొమ్మ అరగంటకొకసారి మారతాది.
మారతాదని నాకు నేనే చెప్పుకుంటాను.
రాత్రి రెండింటికి లేచి చూస్తే
విరిగిన పాల మాదిరి తెలుపు,
నడిమధ్యన సన్నగా ఒక సుడి.
గుండె దడదడమనింది.
కొంగుతో తుడిస్తే పోయింది,
నా వేలిముద్ర.

"రాగల నలభై ఎనిమిది గంటల్లో
మరింత బలపడే అవకాశం."
మొన్నా ఇదే నలభై ఎనిమిది. నిన్నా అంతే.
ఎంత వాడినా అరగని గంటలు.
ఆకాశంలో లేనిదంతా
అవకాశంలో ఉండాది.

మా అమ్మ కొండకింద అంగళ్ళకు దొన్నెలు కుట్టిన మనిషి.
ద్రోణి అంటే ఆమెకు దొన్నే.
"ఆరునాళ్ళుగా పోస్తా ఉన్నా నిండలేదంటే
అడుగున పుల్ల ఊడిపోయుంటాది, చూడమను" అంటాది.
ఎవరిని చూడమనాలో చెప్పదు.

పదకొండుకు దామలచెరువు నుంచి ఖాదర్‌వలీ ఫోను.
నాలుగు మామిడితోపులు గుత్తకు పట్టినోడు.
కాయ ఇంకా కొమ్మనే, ఫ్యాక్టరీ రేటు ఇంకా తేలలే.
"గాలి రాకుంటే చాలు మేడం, వాన సంగతి దేవుడెరుగు."
ఆ మాట చెవిలో ఉండగానే
దొరసానమ్మ వచ్చి గడప ముందర కూలబడింది.
విత్తనం కాయలు ఒలిపించి మూడు మూటలు కట్టి పెట్టిందంట,
ఒలిచిన గింజ ఎన్నాళ్ళు ఆగతాది?
"గాలో గత్తరో, రానీ అమ్మణ్ణీ,
ఒక్క పదును పడితే చాలు."

ఇద్దరికీ ఒకటే చెప్పినా: చూస్తా ఉండాం.
ఇద్దరూ నేనేదో దాస్తా ఉండానని అనుకున్నారు.

దాస్తానే ఉండాను.
ఆ ఏడు కార్తీకంలో డబ్బా పొంగి పొర్లిన రాత్రి
టార్చి పళ్ళతో కరుచుకోని
కొలగ్లాసు నాలుగుసార్లు నింపి, నాలుగుసార్లు ఒంచినా.
చేయి వణికింది చలికి కాదు.
అంత పెద్ద అంకె నా దస్తూరీలో ఎప్పుడూ పడలేదు.
రిజిస్టరు మూసినాక తెలిసింది
ఊరి చివర రెండు గోడలు కూలినాయని.
ఒక గోడ కింద మేకలు. ఇంకో గోడ కింద
పేరు అడగడానికి నాకు వారం పట్టింది.

ఐనా నిన్న రాత్రి రెండింటికి
వేలిముద్రను చూసి నేను సంతోషపడినా.
ఇది ఎవరికీ చెప్పలేదు.

సందకాడ తూర్పున సన్నగా మోడం.
తిరుపతి పాసింజరు దిగినోళ్ళు తలెత్తి చూసి
నడక తగ్గించలేదు.
యాడనుంచో తడిమట్టి వాసన,
లేచి వాకిట్లోకి పోతే
పక్కింటి సుగుణ పేడనీళ్ళు చల్లతా ఉండాది.
"ఏమక్కా, ఏమంటాది మీ వాయుగుండం?"
"ఇంకా గుండం కాలేదు లేబ్బా."

కొలగ్లాసును పొడిగుడ్డతో తుడిచినా,
తడి లేకపోయినా.
బోర్లించి పెట్టి
మళ్ళీ ఎందుకో తిప్పి పెట్టినా.