ఎడమ కాలు

మోకాలి చిప్పకి మూడు నెలలు నూనె రాసేను.
శ్రీకాకుళంలో ఎముకల డాక్టరు
ఎక్స్‌రే వెలుగుకి ఎత్తి చూసి
"మెట్లెక్కకండి" అన్నాడు.
మా యింటికి మెట్లే లేవు.

మెట్టు ఉన్నది కారులో.
బ్రేకుకి ఎడం పక్క, రబ్బరు అరిగిపోయిన చిన్న మెట్టు.
రోజుకి వెయ్యిసార్లు తొక్కి దిగుతాను దాన్ని
పొందూరు సందుల్లో, టోల్‌గేటు వరసలో,
వెనక సీటు నిండా ఖద్దరు తానులతో.

బరువు ఒక్కరోజులో రాలేదు.
చేబదులు పెరిగినట్టు పెరిగింది.
ఈ కారు ఇంతే అనుకున్నాను మొదట,
తర్వాత, నా వయసు ఇంతే అనుకున్నాను.

చిలకపాలెం జంక్షన్లో ఆ రోజు
పెడలు తొక్కితే అదే నన్ను సీటులోకి తోసింది.
గేరు పడలేదు.
వెనక లారీవాడు హారన్ మీంచి చెయ్యి తియ్యలేదు.

"ఏటప్పా, కుంటుతున్నావు?" అన్నాడు షెడ్డులో దాలినాయుడు.
"మోకాలు."
మోకాలి వైపు చూడలేదు ఆయన.
తలుపు తీసి, వంగి, క్లచ్చుని అరచేత్తో నొక్కేడు.
చెయ్యి సగంలో ఆగింది.
"నొప్పి నీది కాదప్పా. దీనిది."

ప్లేటు పోయిందా అని అడిగేను.
ప్లేటంటే గేరుబాక్సు దించాలి,
గేరుబాక్సు దించితే నా నెల అమ్మకం దిగిపోతుంది.
"ఉండు. రోగం పేరు ముందే చెప్పేస్తే
మందులషాపోడు బాగుపడతాడు."

బానెట్ ఎత్తేడు. గుంటడు కూర్మారావు టార్చి పట్టేడు.
గేరుబాక్సు దగ్గర కేబులు కొస విప్పి
"ఇప్పుడు తొక్కు."
తొక్కేను. ఎప్పటి మొండితనమే.
"సూసినావా? ఆ కొసకి ఏటీ కట్టి నేదు. అయినా బిగుసుకుంది.
అంటే లోపలోళ్ల తప్పు నేదు.
దారిలోనే ఉన్నాడు దొంగ."

కేబులు బయటికి లాగేడు.
నల్ల తొడుగు ఒకచోట విరిగి
లోపల ఉక్కు పోగులు తెగి, విచ్చుకుని, ఎర్రగా తుప్పు.
నూలు వడికే ఇంట్లో పుట్టినదాన్ని నేను.
మా అమ్మ వాలుగ చేప దవడతో పత్తి దువ్వేది,
పోగు తెగబోతుంటే తెగకముందే వేలు ఆపేది.
నా వేలు పెట్టి చూసేను. గుచ్చుకుంది.
సగం పోగులే ఇన్నాళ్లూ లాగేయి.

విరిగిన చోటే ఒక ముడి.
సన్నటి ఇనప తీగ, రెండు మెలికలు,
కేబుల్ని బ్యాటరీ పళ్లేనికి లాగి కట్టి
మోచెయ్యి మడిచినట్టు మడిచేసి.

దాలినాయుడు దాన్ని చాలాసేపు చూసేడు.
చెవిమీది బీడీ తీసి, మళ్లీ అక్కడే పెట్టేడు.
"తుపాను ఎల్లిన వారం. నీ కారు నీళ్లల్లోంచి తోసుకొచ్చినాం.
క్లిప్పు ఏ షాపులోనూ నేదు. కరెంటు నేదు.
బేగి కట్టేసి పంపేసినాను."
గొంతు సవరించుకుని,
"కుడేపుకి రెండు మెలికలు. ఇది నా ముడే."

గుంటడు టార్చి ఆపేసేడు, ఎందుకో.

సాయంత్రం బస్సులో కండక్టరు చేత వచ్చింది కొత్త కేబులు.
పెడలు ఇరుసుకి ఎండిన గ్రీజు గోకి, కొత్తది పూసి,
కేబుల్ని ఈసారి నాగావళి వంపు తిరిగినంత నిదానంగా తిప్పి,
క్లిప్పు పెట్టి, నట్టు బిగించి,
పెడలు మీద బొటనవేలి మందం ఖాళీ వదిలేడు.
"ఈ కాస్త వదలకపోతే పైన నీ కాలుండక్కర్నేదు,
ప్లేటు దానంతటదే కాలిపోద్ది."

తీగముక్కని పారెయ్యలేదు.
స్పానర్ల మేకుకి తగిలించేడు, గుంటడికి కనబడేలా.
కేబులు డబ్బే తీసుకున్నాడు.
"నా ముడి నేను ఇప్పుకుంటే కూలేటి?"

కారెక్కి తొక్కేను.
ఇంకో మెట్టు ఉందనుకుని చీకట్లో దిగినట్టు
కాలు దబ్బున కిందికి పడిపోయింది.
రెండుసార్లు బండి ఆగిపోయింది.
మూడోసారి కూర్మారావు నవ్వేడు.

పొందూరు రోడ్డెక్కి, మూడో గేరులో పడ్డాక కూడా
నా ఎడమ కాలు బిగుసుకునే ఉంది
లేని బరువు కోసం.
దానికింకా ఎవరూ చెప్పలేదు.