రెండేళ్ల గ్యారంటీ

పర్లాకిమిడి, కాశీనగర్, గుణుపురం.
వారానికి ఆరు రోజులు నా బండికి ఇదే దారి.
వెనక సీటుకి కట్టిన అట్టపెట్టెల్లో తొమ్మిది వాట్ల బల్బులు,
జేబులో ఒడియా బిల్లుబుక్కు, నోట్లో తెలుగు బేరం.

నాకు కూడు పెట్టేవి వెలిగే బల్బులు కావు,
ఆరేవి.
ఏ ఇంట్లోనో కంచం ముందు కూర్చున్న వేళ
మూడుసార్లు కన్నుకొట్టి ఒకటి పోయిందంటే
నెలాఖరు కాగితంలో నాకొక గీత.

గుణుపురంలో రైలుగేటు దాటాక నీలాచలం కొట్టు.
కొట్టంటే ఏముంది, నాలుగు రేకులూ ఒక బల్లా,
సీసం కరిగిన వాసన.
మా కంపెనీ బల్బుని నా ఎదుటే
ఉడికిన గుడ్డు వలిచినట్టు వలుస్తాడు.
లోపల ఆవగింజంత నల్లముక్కలు రెండు, పక్కపక్కన.
ఒకటి పీకేసి, మూత బిగించి,
అడుగున నల్లసిరాతో తారీకు వేస్తాడు.
"కాసింత మసకేస్తాది బాబూ. ఒళ్లు కాగదు గదా, సావదు."
"ఎన్నాళ్లు?"
"నన్నడుగుతావేటి? సేసినోలకి తెలీదా?"

చేసినవాళ్లని అడిగాను, బరంపురం మీటింగులో,
భోజనాలయ్యాక, ఏరియా మేనేజరు పళ్లు కుట్టుకుంటుంటే.
"పెట్టె మీద తొమ్మిదని వేసి ఆరిస్తే కేసు.
చుక్కలిచ్చేవాళ్లు కరెంటు ఎంత తాగిందో చూస్తారు,
వెలుతురెంతో చూస్తారు.
ఎన్నేళ్లు వెలిగిందో చూడ్డానికి
ఎవడయ్యా పదేళ్లు కుర్చీ వేసుక్కూర్చునేది?"
తర్వాత నా టార్గెట్ గురించి మాట్లాడాడు.
అందులో గుణుపురం ఎర్రరంగులో ఉంది.

ఆ ఎరుపు గురించే ఇదంతా చెబుతున్నాను.
ఫిర్యాదు మీద సంతకం డీలరుది.
కొట్టు ఎక్కడో చెప్పింది నేను,
గేటు దాటాక ఎడమ అని చేత్తో చూపించి మరీ.

వచ్చిన ఆఫీసరు చెడ్డవాడేం కాదు.
బూట్లు విప్పి లోపలికొచ్చాడు.
కిందటేడు కొండమీద ఏదో ఊళ్లో
ముద్రలేని బల్బు తిప్పబోయి
ఒక పిల్లాడి అరచెయ్యి ఎలా మాడిందో చెప్పాడు.
ఫోనులో ఫొటో ఉంది. నీలాచలం చూశాడు,
చూసి చాలాసేపు ఏమీ అనలేదు.
అమ్మకానికి పెట్టిన అరవై మూడు బల్బులూ గోనెసంచిలోకి వెళ్లాయి.
రసీదు ఒడియాలో ఉంది. నేనే చదివిపెట్టాను.

ఇప్పుడు రేకు మీద సున్నంతో రాసుకున్నాడు:
అమ్మకం లేదు. బాగుచెయ్యడమే.
సంత రోజున ఇసాయి రైకా కొండ దిగొచ్చి
మార్వాడీ కొట్లో నా బల్బు కొంటాడు,
ముద్రతో, చుక్కలతో, గ్యారంటీ కార్డుతో.
నాలుగంగలేసి నీలాచలం బల్ల మీద పెడతాడు,
పది రూపాయలిచ్చి గ్యారంటీ పోగొట్టుకుంటాడు.
ఆ నెల గుణుపురం పచ్చగా మారింది.
మేనేజరు మెసేజిలో రెండు చప్పట్లు పంపాడు.
ఇసాయి మళ్లీ ఎప్పుడు కొంటాడో
ఆయన అడగలేదు, నేను చెప్పలేదు.

రాత్రి వంశధార పక్కనే బండి మీద తిరిగొస్తూ
కొండవైపు చూడకూడదనుకుంటాను.
తెల్లగా కొట్టేవి నావి.
కాస్త మసకవి, చాలాకాలంగా అక్కడే ఉన్నవి,
ఎవరివో తెలుసు.
ప్రతి శనివారం ఒకటో రెండో తెల్లవి తగ్గుతాయి.
లెక్కపెడుతూ ఒకసారి గోతిలో పడ్డాను కూడా.

మా మెట్ల మీదా ఒకటుంది.
పాప దాని కింద చెప్పులు వెతుక్కుంటూ విసుక్కుంటుంది,
కొత్తది వెయ్యొచ్చు కదా నాన్నా,
బండి నిండా ఉన్నాయి కదా అని.
నిన్న స్టూలెక్కి ఊడదీసి చూశాను.
చేతికి వేడే తగల్లేదు.
అడుగున తారీకు సగం చెరిగిపోయింది,
నెల కనిపిస్తోంది, ఏడాది కనిపించడం లేదు.
మళ్లీ బిగించి దిగాను.