అభ్యంతరం నంబరు నలభై ఒకటి

ఈ ఊరికి రంగులు వేసేది నేనే.
మునిసిపాలిటీ మేడ మీద, ఉత్తరపు కిటికీ పక్కన.
ఇళ్లకు పసుపు, కొట్లకు ఎరుపు,
పడవలు ఆగే చోటికి ఊదా,
సముద్రం ఎప్పుడైనా వచ్చి కూర్చుంటుందనుకునే చోటికి
లేత నీలం.

చిలీ దేశం దక్షిణాన, ప్వెర్తో నాల్కాలో
పదకొండు వేల మంది.
వాళ్లలో ఓ డెబ్భై మంది
తాము నా రంగుల్లో ఎక్కడ పడ్డారో చూసుకోడానికి
బడి వ్యాయామశాలకు వచ్చారు
జూన్ చలిలో, తడిసిన ఉన్ని కోట్లతో,
కోట్లలో కట్టెపొయ్యి వాసనతో.

గోడకు నాలుగు మేకులు. మేకులకు ప్లాను.
"ముప్పై ఏళ్ల ముందుచూపు" అన్నాడు మేయరు.
వెనక బెంచీలో ఎవరో దగ్గారు.

ఎర్మిందా ఓయార్సో లేచింది.
సముద్రపు నాచు ఎండబెట్టి, కట్టలు కట్టి
బస్టాండు దగ్గర అమ్ముతుంది.
ఉప్పుకు పగిలిన వేలు ప్లాను మీద పెడితే
నా నీలం మీద తడి మచ్చ పడింది.

"అమ్మాయ్, ఈ గీత మా ఇంట్లోంచి పోతోందే!
పొయ్యి అటు, మంచం ఇటు.
సముద్రంలో వండుకుని
ఊళ్లోకొచ్చి పడుకోమంటావా?"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.
రాత్రి నిద్ర పట్టలేదు.
కాగితం మీద మిల్లీమీటరు
నేల మీద రెండున్నర మీటర్లు.
పెన్సిలు చెక్కడానికి నేను బద్ధకించిన పూట
ఒకావిడ వంటగది మునిగిపోయింది.

మర్నాడు టేపు పట్టుకుని వెళ్లాను.
ఉడికిన బంగాళాదుంపలు పెట్టింది, వద్దన్నా.
వెనక తలుపు చట్రానికి, మోకాలి ఎత్తున
ఒక కత్తిగాటు.

"మా అమ్మ పెట్టింది, పెద్ద నీళ్లొచ్చిన ఏడు.
ముందు వాకిట్లో వెతక్కు, అక్కడ లేదు.
సముద్రానికి మర్యాద తెలుసా, తలుపు తట్టి రావడానికి?
వాగు మీదుగా తిరిగి, మడుగులోంచి, పెరటి దారినొచ్చింది.
ముందు బాతులొచ్చాయి. తర్వాత నీళ్లు.
ఆ తర్వాత పక్కింటివాళ్ల మంచం."

పెరటి వెనక మడుగు.
నా ప్లానులో అది మడుగు కాదు.
రెండు వందల ఎనభై ఇళ్లు, ఒక ఆసుపత్రి, పిల్లల పార్కు.
అక్కడికొచ్చేసరికి పాత పెన్ను ఎండిపోతే
కొత్తది తీశాను, బాగా గుర్తు.
ఊరంతటిలో ముదురు పసుపు అదే.

బూట్లతో దిగాను. చీలమండ దాకా దిగబడింది.
సర్వే మేకు ఒకటి, ఎర్ర రిబ్బనుతో, పక్కకి ఒరిగి.
రెండు తీతువులు నెత్తి మీద తిరుగుతూ
నన్ను వదలకుండా తిట్టాయి.

అభ్యంతరాల ఫారంలో కారణానికి మూడు లైన్లే ఇస్తారు.
మూడూ నింపాను, అంచుల్లో కూడా రాశాను.
మా పెద్ద ఇంజనీరు నోల్బెర్తో కత్రిలేయో
చెడ్డవాడు కాదు, కళ్లద్దాలు తుడుచుకుంటూ చదివాడు.
"రాజధాని కంపెనీ లెక్కలో నీళ్లు పడమటి నుంచే వస్తాయి.
దానికి డబ్బు కూడా కట్టేశాం.
కత్తిగాటును ఏ కాలమ్‌లో ఎక్కించమంటావు?"

నలుగురు చేతులెత్తారు. ముగ్గురు ఎత్తలేదు.
నలభై ఒకటికి ఎదురుగా ఒకే మాట:
గమనించడమైనది.

అయితే గీత జరిగింది.
మేయరు దయతలచి
ఒక మిల్లీమీటరు, సముద్రం వైపుకి.
ఎర్మిందా పొయ్యి ఊళ్లోకి వచ్చేసింది.
ఆమె నవ్వుతూ అడిగింది ఇచ్చాం,
నవ్వకుండా చెప్పింది ఫైల్లో పెట్టాం.

అది తెలియకో, తెలిసో
మా ఆఫీసుకు ఒక నాచుకట్ట పంపింది.
ఎవరూ తీసుకెళ్లలేదు. కిటికీలో పెట్టాను.
ఎండ రోజు చెక్కలా ఉంటుంది,
వాన దగ్గరికొస్తే దానంతటదే మెత్తబడుతుంది.

ప్లాను ఏడు కాపీలు తీయమన్నారు.
నాలుగోదానికి పసుపు వేస్తూ, ఎందుకో
చెయ్యి చాపి దాన్ని ముట్టుకున్నాను.

మెత్తగా ఉంది.